మూడున్నర వేళ్ళ పిడి

కబ్బన్‌పేటలో ఆ సందులోకి సైకిల్ పోతుంది,
తిప్పుకోవాలంటే మాత్రం
ఎవరి గుమ్మమో అడగాలి.
అక్కడ తరిమెన పడతాడు చాంద్‌పీర్.
చెన్నపట్న మనిషి. మద్రాసు కాదు,
బొమ్మల చెన్నపట్న.

గడ్డం కుంచె చేసిపెట్టమన్నాను.
"బజార్లో వందకొస్తుంది కదా!"
జేబులోంచి కుడిచెయ్యి తీసి
బల్ల మీద పెట్టాను.

పీణ్యాలో పవర్ ప్రెస్
చిటికెన వేలు మొత్తం తీసుకుంది, ఉంగరం వేలు సగం.
పరిహారం కాగితంలో వాటికి శాతాలున్నాయి.
ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాను,
సంగటి తినడం నేర్చుకున్నాను.
నురగ ఒక్కటే రాలేదు.
తడిసిన ప్లాస్టిక్ పిడి
ఉన్న వేళ్ళని వదిలేసి
లేని వేళ్ళ వైపే జారేది.

మంగలి షాపు ముత్తప్ప మంచివాడే.
గుడ్డ కింద నా చెయ్యి చూడకుండా ఉండటానికి
ఎంత అవస్థ పడేవాడో
చెంప మీద కత్తికి తెలిసేది.

చాంద్‌పీర్ చూశాడు.
తిప్పి చూశాడు, నొక్కి చూశాడు,
కర్రలో ముడి ఎక్కడుందో వెతికినట్టు.
టిఫిన్ డబ్బా తెరిచి
చల్లారిన రాగిముద్ద సగం తుంచి
నా చేతిలో పెట్టి, పిండమన్నాడు.

మూడు గుంటలు పడ్డాయి. నాలుగోది సగం.
ఆ పక్కన అడ్డేమీ లేక
ముద్ద ఉబ్బి బయటికొచ్చింది.
"ఇదే కొలత."
చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో గిన్నె బోర్లించి
దాని మీద ఆరబెట్టాడు.
మిగతా సగం తిన్నాడు.

వారం తర్వాత తెల్లటి కర్ర చూపించాడు.
ఆలె మర, అన్నాడు.
వేలితో గీరి, అంకుడు, అన్నాను.
ఆలె.
అంకుడు.
కాసేపు ఇద్దరం అక్కడే ఆగాం.

మోటారు వేశాడు.
రెండేళ్ళయింది, తిరిగే యంత్రం పక్కన నిలబడి.
నాతో చెప్పకుండానే చెయ్యి
జేబులోకి వెళ్ళిపోయింది.
గుమ్మం దగ్గరే ఉండిపోయాను.
చెక్క పొరలు చుట్టలు చుట్టుకుంటూ
అతని ఒళ్ళో పడుతున్నాయి.
మెడ దగ్గర ఎర్రలక్క ఒక్క గీత తగిలించి,
మోటారు ఆపాడు.

"దీనికి గుండ్రం తప్ప ఏమీ రాదు.
మీ చెయ్యి గుండ్రం కాదు."
ఆకురాయి అందుకున్నాడు.

ఆ గరగరకి దగ్గరికెళ్ళాను.
రాయిలా ఎండిన ముద్దని ఒకసారి,
నా చేతిని ఒకసారి అడుగుతూ
మూడు చోట్ల తవ్వాడు, ఒక చోట సగం తవ్వాడు,
ఆ కిందటి కర్రని మాత్రం తాకలేదు.
చిటికెన వేలుండాల్సిన చోట
చింతగింజంత బుడిపె మిగిలింది.
కాచిన లక్క పూసి, మొగలి ఆకుతో
మెరుపొచ్చేదాకా రుద్దాడు.
కుచ్చు గుర్రపు వెంట్రుకలది.
శివాజీనగర్ జట్కా గుర్రానిదన్నాడు.
అబద్ధమే అయ్యుంటుంది.

తొమ్మిది వందలు.
"వేళ్ళు తక్కువ కదా, తగ్గించవా?"
"తక్కువైన చోటే కర్ర ఎక్కువ పట్టింది."
నా చేతి మీద నేనే వేసిన మొదటి జోకు,
దాంట్లోనూ ఓడిపోయి
వెయ్యి నోటు ఎప్పుడో పోయింది కాబట్టి
రెండు ఐదొందలిచ్చి, చిల్లర అడగకుండా వచ్చేశాను.

లగ్గెరెలో మా మిద్దె మీద
నీళ్ళ ట్యాంకు పక్కన మేకుకి అద్దం.
బావమరిది భక్తవత్సలం కుంచె తీసుకుని
అటు పట్టుకుని, ఇటు పట్టుకుని,
"ఏంది బావా, వంకరగా చేసిచ్చినాడే!" అన్నాడు.
అతనివి అయిదు వేళ్ళు.
ఒకదానికి చోటు దొరకలేదు.

నేను పట్టుకుంటే
బుడిపె అరచేతి అంచుకి ఆనింది.
మగ్గులో నాలుగు తిప్పులకే
నురగ అంచు దాటి పొంగింది,
చెవి దాకా, ముక్కు దాకా, అక్కర్లేని చోటికి కూడా.

చెంప మీద మూడు గుర్రపు వెంట్రుకలు.
కొత్తలో రాలతాయి, పది రోజులకి ఆగుతాయని
ముందే చెప్పాడు.
తీసి గట్టు మీద పెట్టి
కుంచె మళ్ళీ ముంచాను.